అద్దాల సందులో చెవి దెయ్యం

పగలు చూస్తే ఆ సందులో భయపడాల్సింది ఏమీ కనిపించదు. రెండు వైపులా అద్దాల కొట్లు. గోడలకి ఆనించిన నిలువుటద్దాలు, పటాలు కట్టే చెక్క ముక్కలు, గాజు కోసేటప్పుడు వచ్చే కీచు చప్పుడు, బేరాలు, టీ గ్లాసులు. ఏ పనీ లేకపోయినా జుట్టు సరిచేసుకోవడానికని ఆ దారిన వెళ్లేవాళ్లు కూడా ఉన్నారు.

చీకటి పడ్డాక మాత్రం — ఊళ్లో ఎవరినైనా అడగండి — ఆ సందు పేరెత్తితే గొంతు తగ్గిస్తారు.

అక్కడ చెవి దెయ్యం ఉందని చెప్పుకునేవారు.

చూశామన్నవాళ్లందరూ ఒకే మాట చెప్పేవారు. మనిషంత ఎత్తు ఉంటుందిట. మొహం ఉండాల్సిన చోట చీకటి తప్ప ఏమీ ఉండదుట. చేతిలో పొడవాటి ఇనప కడ్డీ. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది... మోకాళ్ల మీద కూర్చుంటుంది... కడ్డీ ఒక చివర నేలకి పెట్టి, రెండో చివర చెవికి ఆనించుకుంటుంది. కింద ఎవరో ఏదో చెబుతున్నట్టు తలాడిస్తుంది. అప్పుడు గనక దాని మీద వెలుతురు పడిందా — రొమ్ము మీద రెండు గీతలు భగ్గున మండుతాయి.

ఇంతవరకూ అయితే సర్దుకుపోవచ్చు. కానీ అది చెవి ఆనించిన చోట తెల్లారేసరికి గొయ్యి తవ్వి ఉంటుందిట. మనిషి పట్టేంత గొయ్యి.

మొదట దాన్ని ఒక వానాకాలంలో ఈ సందులోనే చూశారు. తర్వాత వేరే వీధుల్లో కూడా కనబడిందన్నారు గానీ, దాని సొంతిల్లు మాత్రం ఇదేనని తీర్మానించేశారు. అందుకు తగ్గట్టు సందులో ఒక్కొక్కటే మొదలయ్యాయి. బాగా పడే షట్టరు సగంలో ఇరుక్కుపోయేది. రాత్రి తిన్నగా తగిలించిన పటం పొద్దున్నకి వంకర తిరిగేది. లారీ వెళ్తే చాలు, అద్దాలన్నీ కలిసి సన్నగా మూలిగేవి. కుళాయి తిప్పితే ఎర్రమట్టి నీళ్లు. సందు మధ్యలో, దీపస్తంభం పక్కన, రోడ్డు కంచంలా లోపలికి దిగింది. తారు పోసి సమం చేస్తే కొన్నాళ్లకి మళ్లీ దిగింది. మళ్లీ తారు పోశారు. మళ్లీ దిగింది.

కింద ఉన్నదేదో ఆకలి మీద ఉందన్నారు. దీపం వెలిగేలోపే కొట్లు కట్టేయడం మొదలుపెట్టారు.

ఈ కథ విని ఊరందరికంటే ఎక్కువ భయపడినవాడు ఒకడున్నాడు. నీళ్ల ఆఫీసులో పని. అక్కడ అతన్ని పాముచెవులు అని పిలుస్తారు. రోడ్డు కింద ఎక్కడ పైపు కారుతోందో విని పట్టుకోవడం అతని ఉద్యోగం. పగలు బళ్ల గోలలో ఏమీ వినపడదు కాబట్టి ఊరంతా పడుకున్నాక బయల్దేరాలి. మెరుపు పట్టీలు కుట్టిన కోటు వేసుకుని, మంచు పడకుండా దాని టోపీ మొహం మీదకి లాక్కుని, ఒక ఇనప కడ్డీ పట్టుకుని పైపు వెంటే నడవాలి. అక్కడక్కడా కూర్చుని కడ్డీకి చెవి ఆనించాలి. కింద బుస్సుమని వినపడితే సుద్దతో గుర్తు పెట్టాలి. పొద్దున్నే పనివాళ్లు వచ్చి అక్కడ గొయ్యి తవ్వుతారు.

మీరిప్పుడు నవ్వుతున్నారు. మీకు అర్థమైపోయింది. అతనికి కాలేదు. ఎంత తెలివైనవాడికైనా తనని తాను వెనక నుంచి చూసుకునే వీలు లేదు కదా.

అందుకని ఆ కథ విన్న దగ్గర్నుంచీ అద్దాల సందులో అడుగు పెట్టలేదు. సందు మొగలో నిలబడి, అక్కడి మూలమీది కుళాయికి ఓసారి చెవి ఆనించి, 'ఇక్కడంతా బాగుంది' అని ఆఫీసులో చెప్పేసేవాడు.

అతనికి అమ్మయినా నాన్నయినా అక్కే. చిన్నప్పుడు ఇంట్లో కరెంటు పోతే కొవ్వొత్తి కోసం చీకటి గదిలోకి వెళ్లేది అక్క. ఆమె చొక్కా అంచు పట్టుకుని వెనకాల తమ్ముడు. పెద్దయ్యాక ఆమె బస్సు డ్రైవరైంది. భయమనేది ఏ రంగులో ఉంటుందో ఆమెకి తెలీదని డిపోలో చెప్పుకుంటారు.

ఆ సాయంత్రం ఇద్దరూ భోజనాలు చేస్తున్నారు.

"ఒరేయ్, పెద్ద రోడ్డు మీద నీళ్ల పైపు పగిలిందిటగా. మీవాళ్లు రోడ్డంతా తవ్వి పారేశారు," అంది అక్క.

"అవునే. అందరూ అక్కడే ఉన్నారు."

"మరింకేం. రేపు తెల్లారుజామున డిపోలోంచి బస్సు అద్దాల సందు మీదుగా తియ్యమన్నారు."

తమ్ముడి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఆ సందులోంచా?"

"మరి నీ నెత్తి మీంచి తియ్యనా?"

"అక్కా... అక్కడ అది ఉందే."

"ఉంటే ఉండనీ. ఎక్కితే టికెట్టు కొట్టిస్తా. అడ్డంగా నిలబడితే హారన్ కొడతా. అప్పటికీ తప్పుకోకపోతే తొక్కించుకుంటూ పోతా. చచ్చినదాన్ని ఇంకోసారి చంపితే కేసు కూడా ఉండదు."

"వేరేవాళ్లని పంపమనొచ్చుగా?"

"ఎవర్ని పంపుతారు? సందు పేరు వినగానే ఒకడికి కడుపు నొప్పొచ్చింది. ఇంకొకడికి పెళ్లాం పుట్టింటికి వెళ్లాలని గుర్తొచ్చింది. నీలాంటివాళ్లే అంతా. తిను, చల్లారిపోతోంది."

ఆమె నవ్వుతూ మంచినీళ్లు పోసింది. తమ్ముడు ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు. అక్కకి ఏమన్నా అయితే తను ఏమైపోతాడో ఆలోచించడానికి కూడా అతనికి ధైర్యం లేదు.

అప్పుడే ఫోను మోగింది. ఇంజినీరు మేడమ్.

"అద్దాల సందు వైపు ఒక చిన్న అనుమానం," అందావిడ. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు, అదే ఇబ్బంది. "ఊరంతా నిద్రపోయే వేళ కూడా అటు నీళ్లు పోతూనే ఉన్నాయని మీటరు చూపిస్తోంది. మీరేమో అంతా బాగుందంటారు. మీటరు అబద్ధం చెప్పదు. మీరూ చెప్పరు. మరి నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు?"

తమ్ముడు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఈ రాత్రికి మళ్లీ ఓసారి వినండి. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా."

"తోడు ఎవరినైనా..."

"అందరూ పెద్ద రోడ్డు గోతిలో ఉన్నారు. అయినా తోడెందుకు మీకు?"

"అబ్బే, ఊరికే అడిగాను."

ఆఫీసు జీపు అతన్ని సందు మొగలో దింపింది. డ్రైవరు ఇంజను కూడా ఆపలేదు. అడ్డం పెట్టుకోమని రెండు ఎర్ర ప్లాస్టిక్ గొట్టాలు, ఒక తాడు కింద పడేసి, "జాగ్రత్త" అని వచ్చినదానికంటే వేగంగా వెళ్లిపోయాడు.

తమ్ముడు ఒక్కడే మిగిలాడు.

కొట్లన్నీ మూసి ఉన్నాయి. లోపలికి మోయలేనంత పెద్ద అద్దాల్ని అరుగుల మీదే గొలుసులు వేసి వదిలేశారు. వాటి మీద గోనె పట్టాలు కప్పి ఉన్నాయి. పట్టాల కింద ఎవరో వరసగా నిలబడి ఉన్నట్టే ఉంది... సందు మధ్యలో ఒకే ఒక్క దీపం. స్తంభం ఒక పక్కకి ఒరిగింది.

అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. గుండె చప్పుడు తనకే వినపడుతోంది. పాముచెవులు కదా, కొంచెం ఎక్కువగానే వినపడుతోంది.

దీపం దగ్గరకి వచ్చాడు. ఇక్కడ వినక తప్పదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. కడ్డీ నేలకి పెట్టాడు. కళ్లు మూసుకుని చెవి ఆనించాడు.

బుస్సుమనే చప్పుడు ఉంది. దూరంగా, లోతుగా.

కానీ దాని కింద ఇంకేదో ఉంది...

గుటక్.

ఆగింది. మళ్లీ... గుటక్.

ఎవరో తీరిగ్గా మింగుతున్నారు.

తమ్ముడు మెల్లగా తలెత్తాడు.

ఎదురుగా అది ఉంది.

మోకాళ్ల మీద కూర్చుంది. చేతిలో కడ్డీ. మొహం లేదు. తల పక్కకి వంచి, కడ్డీకి చెవి ఆనించి — తిన్నగా తన వైపే చూస్తోంది.

అరుద్దామనుకున్నాడు. నోరు తడారిపోయింది. లేచి పరిగెడదామనుకున్నాడు. కాళ్లు తనవి కావు. ఇంకేం చెయ్యాలో తోచక, చేతులు రెండూ జోడించి దండం పెట్టాడు.

అది కూడా దండం పెట్టింది.

దెయ్యానికి ఇంత మర్యాద ఉంటుందని ఎవరూ చెప్పలేదు. తమ్ముడు కాస్త తల వంచాడు. అదీ వంచింది. అంతలో సందు చివర ఏదో బండి మలుపు తిరిగింది. దాని వెలుతురు ఒక్క క్షణం ఇటు పడింది. దెయ్యం రొమ్ము మీద రెండు గీతలు భగ్గుమన్నాయి.

తమ్ముడి రొమ్ము మీద కూడా.

తన కోటు వైపు చూసుకున్నాడు. ఎదురుగా చూశాడు. మళ్లీ కోటు చూసుకున్నాడు. నిలువుటద్దం మీంచి జారి, అరుగు మీద కుప్పగా పడి ఉన్న గోనె పట్టా అప్పుడు కనిపించింది.

ఎంతసేపు అలా కూర్చుండిపోయాడో తెలీదు. ఇన్ని నెలలు ఈ సందుకి రాకుండా తప్పించుకు తిరిగింది ఎవరి నుంచో అర్థమయ్యాక ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. లేచి దులుపుకోబోయాడు.

గుటక్.

ఇది మాత్రం అద్దంలోంచి రాలేదు.

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. కడ్డీ తిరగేసి అరుగు వారన రోడ్డు మీద కొట్టాడు. టక్కుమంది. ఒకడుగు లోపలికి జరిగి కొట్టాడు. టక్కుమంది. మధ్యలో, ఆ కంచంలాంటి పల్లంలో కొట్టాడు.

డబ్.

ఖాళీ డ్రమ్ము మీద కొట్టినట్టుంది. స్తంభం మొదట్లో తారు కాస్త చిట్లి ఉంది. ఒక గులకరాయి తీసి ఆ పగుల్లోంచి వదిలి చెవి ఒగ్గాడు. ఏమీ లేదు... ఇంకా ఏమీ లేదు... ఎక్కడో అడుగున బుడుంగుమంది. టార్చి వేసి పగుల్లోకి చూశాడు. వెలుతురు దేనికీ తగల్లేదు. తారు పొర కింద మట్టి ఉండాల్సిన చోట మట్టి లేదు. అక్కడి నుంచి చల్లటి తడిగాలి వచ్చి అతని మొహానికి కొట్టింది.

మేడమ్‌కి ఫోను చేశాడు.

విషయం వింటూనే ఆవిడ అడ్డుపడింది. "ముందు మీరు మధ్యలోంచి లేవండి. అరుగు వారకి రండి. వచ్చారా?"

"వచ్చాను."

"ఇందాకటిదాకా మీరు కూర్చున్నది రోడ్డు కాదు. మూత. పైపు కారినప్పుడు నీళ్లు ఒక్కటే పోవు, చుట్టూ ఉన్న మట్టిని కూడా వెంటేసుకుపోతాయి. ఆ పైపు కింద పాత మురుగు కాలువ ఉంది. అది పగిలి ఉంటుంది. మట్టంతా అందులో పడి కొట్టుకుపోయింది. అడుగునుంచి పైదాకా డొల్ల. పల్లం పడ్డప్పుడల్లా లోపల ఏముందో చూడకుండా పైన తారు పోశారు. మూత బరువు పెంచారంతే. మొదట్లోనే లీకు తెలిసుంటే ఒక్క పైపు ముక్క మార్చి, ఆ కాలువ పగులు పూడిస్తే సరిపోయేది."

తమ్ముడు ఆ పల్లం వైపు చూశాడు.

"మేడమ్... నేను ఇన్నాళ్లూ ఈ సందులోకి రాలేదు."

"ఎందుకని?"

"దెయ్యం ఉందన్నారు."

"ఉందా?"

"ఉంది మేడమ్. నేనే."

"ఆ సంగతి పొద్దున మాట్లాడదాం," అంది మేడమ్. "నీళ్లు కట్టేయిస్తున్నాను. కానీ మూత నిలుస్తుందని చెప్పలేను. మనవాళ్లు ఇక్కడ పని వదిలి రావడానికి తెల్లారిపోతుంది. అప్పటిదాకా దాని మీదకి ఒక్క చక్రం కూడా రానివ్వకండి."

"మా అక్క బస్సు ఇటే వస్తుంది మేడమ్."

ఈసారి ఆవిడ గొంతులో కూడా కంగారు వినిపించింది. "డిపోకి చేస్తూనే ఉంటాను. మీరూ చెయ్యండి."

అక్కకి చేశాడు. మోగింది, ఆగింది. మోగింది, ఆగింది. బండెక్కే ముందు డ్రైవర్లందరూ ఫోన్లు డిపో బీరువాలో పెట్టి తాళం వేసుకోవాలి. తెల్లారుజాము బండి కాబట్టి ఆమె రాత్రే డిపోకి వెళ్లి, ముందే ఫోను బీరువాలో పెట్టేసి అక్కడే పడుకుంది. ఆ ఇనప బీరువాలో ఫోను తనలో తను మోగుతూ ఉంటుందని అతనికి తెలుసు. అయినా చేస్తూనే ఉన్నాడు. డిపోలో కూడా ఎవరూ ఎత్తడం లేదని మేడమ్ మెసేజ్ పెట్టింది.

ఎర్ర గొట్టాలు అటొకటి ఇటొకటి పెట్టి తాడు కట్టాడు. కట్టాడో లేదో, కూరగాయల వ్యాను ఒకటి వచ్చింది. డ్రైవరు దిగాడు.

"ఏంటి సంగతి?"

"ఇటు పోకూడదు. రోడ్డు కింద డొల్లగా ఉంది. కూలిపోతుంది."

డ్రైవరు రోడ్డు వైపు చూశాడు. మడమతో గట్టిగా ఓసారి తొక్కాడు. "రాయిలా ఉందిగా."

"పైకి అలాగే ఉంటుంది. లోపల ఏమీ లేదు."

"నువ్వు లోపలికి దిగి చూశావా?"

"లేదు. విన్నాను."

"విన్నావా," అని అతను జాలిగా చూసి, గొట్టాన్ని కాలితో పక్కకి తోసి, వ్యాను పోనిచ్చాడు. చక్రాలు పల్లంలో దిగి లేచాయి. అద్దాలన్నీ ఒక్కసారి మూలిగాయి. తమ్ముడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఏమీ కాలేదు. డ్రైవరు కిటికీలోంచి చెయ్యూపుతూ వెళ్లాడు.

తర్వాత స్కూటరు మీద ఒక పెద్దమనిషి. ఆయనా తొక్కి చూశాడు. ఆయనా వెళ్లాడు. లేని దెయ్యాన్ని ఊరంతా నమ్మింది. ఉన్న గొయ్యిని ఒక్కడూ నమ్మడు.

తమ్ముడికి ఏడుపొచ్చినంత పనైంది. అరుగు వారన కూలబడ్డాడు. చలికి టోపీ మొహం మీదకి లాక్కున్నాడు. కింద ఎలా ఉందో చూద్దామని కడ్డీ నేలకి పెట్టి చెవి ఆనించాడు.

ఆటో ఒకటి సందులోకి తిరిగింది. దాని దీపం తిన్నగా అతని మీద పడింది.

కీచుమని బ్రేకు. "వామ్మో" అని ఒకే ఒక్క కేక. ఆటో ఉన్నచోటే గిర్రున తిరిగి, వచ్చిన దారినే మాయమైంది.

తమ్ముడు మెల్లగా తలెత్తాడు. ఇందాకటిదాకా గొంతు చించుకుంటే ఆగనివాళ్లు, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే ఆగారు.

ఇంక ఆ పనే పెట్టుకున్నాడు. అటునుంచి బండి వస్తే అటు, ఇటునుంచి వస్తే ఇటు, అరుగుల వెంట పరిగెత్తి వెళ్లి మోకాళ్ల మీద కూర్చోవడం. అంతే. రోజూ చేసే ఉద్యోగమే. మొదట్లో బెదురుతూ చేశాడు. కాసేపటికి చెయ్యి తిరిగింది. తల మరీ నెమ్మదిగా ఎత్తితే ఇంకా బాగా పనిచేస్తుందని తెలుసుకున్నాడు. వేలితో రమ్మని పిలిస్తే ఎంతటివాడైనా రివర్సు గేరు వేస్తాడని తెలుసుకున్నాడు. నిజం చెప్పాలంటే కొంచెం సరదా కూడా పుట్టింది. పుట్టినప్పటినుంచీ భయపడడమే తెలిసినవాడికి, భయపెట్టడం ఇంత హాయిగా ఉంటుందని ఆ రాత్రే తెలిసింది.

ఈ అలికిడికి పటాల కొట్టు పైగదిలో కిటికీ సందుగా తెరుచుకుంది. కొట్టు పెద్దాయన.

"ఎవరి కోసం వచ్చావు తల్లీ?"

ఆయన పడుకునే గది సరిగ్గా రోడ్డు మీదకి ఉందని తమ్ముడు గమనించాడు.

"ముందు గదిలో పడుకోకు..." అన్నాడు బొంగురుగా. "వెనక గదిలోకి పో... ఇంట్లో అందర్నీ తీసుకుపో..."

"అలాగే," అన్నాడు పెద్దాయన. కిటికీ మూసుకుంది. లోపల మంచాలు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.

ఇదంతా బాగానే ఉంది. కానీ అక్క దీనికి లొంగదు. ఆ సంగతి తమ్ముడికి తెలుసు. అందుకే చీకటి పలచబడుతుండగా టోపీ తీసేసి, డిపో వైపు మొగలో నిలబడి, మామూలు తమ్ముడిలాగే చెయ్యి ఊపి ఆపాలనుకున్నాడు. అటు బయల్దేరాడు కూడా.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి, రెండో మొగలో, నీళ్ల ట్యాంకరు మలుపు తిరిగింది. నిండా నీళ్లతో, రోడ్డంతా అదురుతూ వస్తోంది.

వెనక్కి పరిగెత్తాడు. పల్లం దాటి, ట్యాంకరుకి ఎదురుగా వెళ్లి, టోపీ లాక్కుని, కూర్చున్నాడు. ట్యాంకరు వెంటనే ఆగలేదు. ఆ డ్రైవరుకి నిద్రమత్తు. తమ్ముడు తల నెమ్మదిగా ఎత్తాడు. వేలితో పిలిచాడు. అప్పటికి మత్తు వదిలింది. ట్యాంకరు మొగలోనే ఆగి, దారి పొడుగునా నీళ్లు ఒలకబోసుకుంటూ వెనక్కి పోయింది.

తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు.

వెనకాల ఒక ఇంజను చప్పుడు. వెయ్యి బళ్లలో ఉన్నా గుర్తుపట్టగల చప్పుడు... అక్క బస్సు. వేళ కాకముందే తీసుకొచ్చేసింది.

తిరిగాడు. అవతలి మొగలోంచి రెండు పెద్ద దీపాలు సందులోకి వచ్చాయి. అతనికీ వాటికీ మధ్య ఆ మూత.

పల్లం అంచుదాకా పరిగెత్తి రెండు చేతులూ ఊపాడు. కోటు మీద పట్టీలు భగ్గున వెలిగాయి. స్టీరింగు దగ్గర కూర్చున్న మనిషికి ఏం కనపడుతోందో అతనికి అప్పుడు తట్టింది. ఆమె సాయంత్రం ఏమందో కూడా గుర్తొచ్చింది.

హారన్ మోగింది. పొడుగ్గా, చిరాగ్గా. బస్సు వేగం తగ్గలేదు. ఇంకాస్త పెరిగింది.

టోపీ వెనక్కి లాగేశాడు. ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు.

"అక్కా!"

బ్రేకులు కీచుమన్నాయి. బస్సు ఊగి, జారి, పల్లానికి అవతలి అంచులో ఆగింది. ఇంజను ఆగిపోయింది. అద్దాల మూలుగు చాలాసేపటికి గానీ సద్దుమణగలేదు.

తలుపు తెరుచుకుంది. అక్క దిగింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద. ఒక చెయ్యి ఇంకా బస్సు తలుపు మీదే ఉంది.

"తమ్ముడూ..." అంది. గుసగుసగా.

"అక్కా, ముందుకి రావొద్దు. బస్సు వెనక్కి—"

"ఎప్పుడు పోయావురా?"

అతనికి అర్థం కాలేదు.

"రాత్రి నా పక్కనే కూర్చుని తిన్నావు కదరా... ఎప్పుడు పోయావు? ఎవరూ నాకు కబురు కూడా చెయ్యలేదేంట్రా..."

దీపాల వెలుతురులో నిలువెల్లా మట్టి కొట్టుకుపోయి, రొమ్ము మీద మంటలతో, ఇనప కడ్డీ పట్టుకుని ఉన్నాడు తమ్ముడు. ఆ కోటూ కడ్డీ ఎప్పుడూ ఆఫీసులోనే ఉంటాయి, అక్క వాటిని ఎన్నడూ చూడలేదు. ఆమె మొహం మీద కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. రెండో కాలు కూడా మెట్టు దిగింది. చెయ్యి చాచి, ఒక్కో అడుగూ వేస్తూ, తమ్ముడి వైపు నడవడం మొదలుపెట్టింది.

మూత మీదకి.

గుటక్.

తమ్ముడు ఇంకేమీ ఆలోచించలేదు. అరుగుల మీదకి ఎక్కి, అద్దాల్ని రాసుకుంటూ, కడ్డీ పైకెత్తి, "వెనక్కి పో, వెనక్కి పో" అని అరుస్తూ ఆమె మీదకి పరిగెత్తాడు.

తమ్ముడు చచ్చిపోయాడని ఎంతైనా ఏడవొచ్చు. చచ్చిపోయిన తమ్ముడు కడ్డీ ఎత్తుకుని పరిగెత్తుకుంటూ మీదకొస్తే మాత్రం ఎవరికైనా ఒక్కటే తోస్తుంది. అక్క కెవ్వున కేక పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి కేక. ఒక్క గెంతులో బస్సెక్కి, తలుపేసి, ఇంజను మళ్లీ స్టార్టు చేసి, రివర్సు గేరు వేసింది. అంత పెద్ద బస్సు సందు పొడుగునా, గోడకి గీసుకోకుండా, ఒక్క ఊపులో వెనక్కి వెళ్లిపోయింది. భయంలో కూడా డ్రైవింగు డ్రైవింగే.

తమ్ముడు వెనకాలే పరిగెడుతున్నాడు. వెనక ఏదో నిట్టూర్చినట్టయింది.

తిరిగి చూశాడు. పెద్ద శబ్దమేమీ లేదు. బస్సు ఆగిన చోటు, అక్క నడిచిన చోటు, తను కూర్చున్న చోటు... ఒకదాని వెంట ఒకటి లోపలికి దిగిపోయాయి. దీపస్తంభం నిలువునా కిందకి జారింది. వెలుగుతూనే జారింది. కాసేపు గొయ్యి అడుగునుంచి వెలుతురు వచ్చింది. తర్వాత అదీ ఆరిపోయింది.

బస్సు సందు మొగలో అడ్డదిడ్డంగా ఆగి ఉంది. తమ్ముడు రొప్పుతూ వెళ్లి అక్క పక్కన కిటికీ మీద కొట్టాడు. ఆమె స్టీరింగు మీద తల పెట్టుకుని ఉంది. ఎత్తలేదు.

"అక్కా. బతికే ఉన్నానే. డ్యూటీలో ఉన్నానంతే. కావాలంటే అటు చూడు, రోడ్డు చూడు."

ఆమె మెల్లగా తలెత్తింది. అతని మీంచి అవతలికి, సందులోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కిటికీ అద్దం కొంచెం... కొంచెం పక్కకి జరిగింది.

ఒక చెయ్యి బయటికి వచ్చింది. గాల్లో తడుముకుంది. తమ్ముడి చెవి దొరకగానే పట్టుకుని గట్టిగా మెలిపెట్టింది. తమ్ముడు కుయ్యోమన్నాడు.

చెవి వేడిగానే ఉంది, బతికున్నవాడి చెవిలా. అయినా అక్క వదల్లేదు.